ఫ్రేజు ఏది? క్లాజు ఏది?

ఆంగ్ల వ్యాకరణమును అభ్యసించు తెలుగు విద్యార్థికి ఎదురగు చిక్కులలో ఫ్రేజునకును క్లాజునకును గల భేదమును గుర్తించుట ఒకటి. నామవాచకము, సర్వనామము, విశేషణము అను భాషాభాగములను అతడు సులభముగనే గ్రహించును. క్రియల మూడు రూపములను వల్లెవేసి అప్పగించును. కాని ఒక వాక్యమును నల్లబల్లపై వ్రాసి, ఇందు ఫ్రేజు ఏది, క్లాజు ఏది అని అడిగినచో తడబడును. పెక్కుమారులు ఊహించి చెప్పును. ఊహ ఫలించిన దినమున మార్కు వచ్చును; ఫలింపని దినమున పోవును. ఏల ఫలించినదో, ఏల ఫలింపలేదో మాత్రము అతనికి తెలియదు.

ఇది పరీక్షలో రెండు మార్కులకు మాత్రమే సంబంధించిన విషయమని తలచుట పొరపాటు. ఈ భేదము తెలియని విద్యార్థి 'బికాజ్ ది బస్ కేమ్ లేట్' అని వ్రాసి, దానినే వాక్యమని భావించి ఫుల్‌స్టాపు ఉంచును. 'హావింగ్ ఫినిష్డ్ ది వర్క్' అని వ్రాసి అచ్చటను ఫుల్‌స్టాపు ఉంచును. వాక్యము ఎచ్చట ముగియునో ఎరుగనివానికి విరామచిహ్నముల నెంత బోధించినను ప్రయోజనము స్వల్పము. ఇక కళాశాలలో ప్రవేశించి, చరిత్రమో అర్థశాస్త్రమో భౌతికశాస్త్రమో ఆంగ్లమున చదువవలసి వచ్చినపుడు, నాలుగైదు పంక్తుల వాక్యము ఎదుట నిలిచిన వెంటనే అతడు దారి తప్పును. ప్రధానమైన మాట ఏదో, దానికి అనుబంధమైనది ఏదో విడదీసికొనలేడు. శాస్త్రము కఠినమని కొన్నాళ్లు తలచును. తనకు తెలివి చాలదని పిమ్మట తలచును. ఆ రెండవ తలపే మిక్కిలి హానికరమైనది. ఏలయన అది నిజము కాదు.

నిజమునకు ఈ తడబాటునకు కారణములు రెండు. మొదటిది, నిర్వచనములను మన బాలురు పట్టుకొను తీరు. రెండవది, వారి మాతృభాషయొక్క వాక్యనిర్మాణము. ఈ రెండవ కారణములో ఒక విశేషము కలదు. చిక్కు తెచ్చిపెట్టునది తెలుగే. ఆ చిక్కు విప్పుటకు వలయు సాధనము కూడ తెలుగు వ్యాకరణముననే ఉన్నది. ఆ సాధనము విద్యార్థిచేతిలో ఉండియు, ఇది ఇచ్చట పనికివచ్చునని చెప్పువారు లేక అతడు దానిని వాడుకొనుటలేదు.

నిర్వచనములు

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో జె. సి. నెస్‌ఫీల్డు రచించిన వ్యాకరణములును, 1930 ప్రాంతపు దశకమున వెలువడిన రెన్, మార్టిన్ గార్ల గ్రంథమును మన దేశమున తరతరముల విద్యార్థులకు ఆంగ్లవాక్యమును విశ్లేషించుట నేర్పినవి. ఈ సంప్రదాయమున సాధారణముగా చెప్పు నిర్వచనములివి: అర్థము కలిగియు సంపూర్ణమైన అర్థము నీయజాలని పదసముదాయము ఫ్రేజు, కర్తయు దానినిగూర్చి చెప్పు క్రియాభాగమును కలిగి, పెద్ద వాక్యములో అంశముగా నుండు పదసముదాయము క్లాజు. తెలుగున మొదటిదానిని పదబంధమనియు, రెండవదానిని ఉపవాక్యమనియు వ్యవహరించుచున్నారు.

రెండవ నిర్వచనము దృఢమైనది. కాని విద్యార్థికి గుర్తుండునది మొదటిది. 'అర్థము పూర్తికాకున్న ఫ్రేజు, పూర్తియైన క్లాజు' అని అతడు రెండింటిని కలిపి ఒక సూత్రముగా కుదించుకొనును. ఈ సూత్రము నిలువదు. 'వెన్ ది బెల్ ర్యాంగ్' అనునది క్లాజు. కాని గంట మ్రోగినపుడు ఏమి జరిగినదో తెలియదు గనుక అర్థము పూర్తికాలేదు. సూత్రమును నమ్మిన బాలుడు దీనిని ఫ్రేజనును. 'నీవెప్పుడు బయలుదేరితివి?' అని అడిగినవానికి 'ఎట్ సన్‌రైజ్' అని ఉత్తరమిచ్చినచో వినువానికి అర్థమంతయు తెలియుచున్నది. అయినను అది ఫ్రేజే. కావున అర్థసంపూర్తి ఇచ్చట సాక్ష్యము కాదు.

నిడివి కూడ సాక్ష్యము కాదు. 'ఇన్ ది స్మాల్ హౌస్ బిహైండ్ ది ఓల్డ్ టెంపుల్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ది స్ట్రీట్' అనుదానిలో పదునాలుగు పదములున్నవి, అంతయు ఫ్రేజే. 'హి స్లెప్ట్' అనుదానిలో రెండే పదములు. అది క్లాజు కాదగినది. 'రన్' అను ఒక్క పదముతో ఆజ్ఞాపించినచో అది సంపూర్ణ వాక్యమే. దాని కర్త యగు 'యు' అధ్యాహారమున ఉన్నది.

సమాపకక్రియ

మరి సాక్ష్యమేది? తెలుగు వ్యాకరణమున ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ పరిచితమైన ఒక విభాగము కలదు: సమాపకక్రియ, అసమాపకక్రియ. వచ్చెను, వచ్చుచున్నాడు, వచ్చును అనునవి వాక్యమును ముగించు క్రియలు. వచ్చి, వచ్చుచు, వచ్చినచో, వచ్చుటకు, వచ్చిన అనునవి ముగింపనివి. వాటి పిమ్మట మరియొక పదము రావలెనని చెవి కోరుచునేయుండును. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున పరవస్తు చిన్నయసూరి వివరించిన క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము, తుమర్థకము, ధాతుజ విశేషణము అనునవన్నియు ఈ రెండవ తెగలోనివే.

ఆంగ్లమునను క్రియలకు ఇట్టి రెండు తెగలు కలవు. 'కమ్స్', 'కేమ్', 'ఈజ్ కమింగ్', 'హాజ్ కమ్', 'విల్ కమ్' అనునవి కాలమును తెలుపుచు కర్తతో అన్వయించునవి. వీటిని ఫైనైట్ వర్బులందురు. 'కమింగ్', 'టు కమ్', 'హావింగ్ కమ్' అనునవి అట్టివి కావు. ఫైనైట్ వర్బు మన సమాపకక్రియకు సమీపబంధువు. తక్కినవి అసమాపకములకు సమీపబంధువులు. పాఠశాలా వ్యాకరణమునుబట్టి క్లాజనగా తన కర్తతో కూడిన ఫైనైట్ వర్బు గలది. అట్టి క్రియ లేని పదసముదాయము ఫ్రేజు. ఇంతకుమించి ఈ భేదమునకు మూలసూత్రము లేదు.

ఈ భావము మన ప్రాచీనులకు క్రొత్తది కాదు. పాణినీయమునకు వార్తికములు రచించిన కాత్యాయనుడు వాక్యమును నిర్వచించుచు, ఒక్క తిఙంతము గలది వాక్యమని చెప్పెను. తిఙంతమనగా పురుషవచనములను తెలుపు ప్రత్యయము చేరిన క్రియాపదము. ఆ కొలత నాంగ్లమునకు అన్వయించినచో, ఒక దీర్ఘవాక్యమున ఎన్ని తిఙంతతుల్యములగు క్రియలుండునో అన్ని క్లాజులుండునని తేలును.

పదచరిత్ర కూడ దీనికి తోడ్పడుచున్నది. క్లాజు అను మాటకు మూలము లాటిన్ భాషలో 'మూయు, ముగించు' అను అర్థముగల ధాతువు. రోమక అలంకారశాస్త్రమున వాక్యముయొక్క ముగింపునకే 'క్లాజులా' అని పేరుండెను. సమాపకమనగా ముగించునది. ఫ్రేజు అను మాట గ్రీకుభాషలో 'పలుకు, పలుకుతీరు' అను అర్థముగల పదమునుండి వచ్చినది. అందు ముగింపు భావము లేదు. ఈ సాదృశ్యము కాకతాళీయమే. అయినను తరగతిలో చెప్పిన బాలురు మరవరు.

అనువాదము చేయు మోసము

ఇంత సులభమైన సూత్రముండగా మన విద్యార్థి ఏల తప్పును? అతడు ఆంగ్లవాక్యమును మనస్సులోనే తెలుగు చేసికొని, ఆ తెలుగులో ఫ్రేజును క్లాజును వెదకును. అచ్చట భేదము కనబడదు.

'ఆఫ్టర్ హి కేమ్ హోమ్, హి స్లెప్ట్'. 'ఆఫ్టర్ కమింగ్ హోమ్, హి స్లెప్ట్'. మొదటిదానిలోని పూర్వభాగము క్లాజు, రెండవదానిలోనిది ఫ్రేజు. తెలుగున రెండును 'ఇంటికి వచ్చిన తరువాత నిద్రించెను' అనియే అగును. 'ది లెటర్ విచ్ రామ రోట్' అనుదానిలో క్లాజున్నది. 'ది లెటర్ రిటెన్ బై రామ' అనుదానిలో ఫ్రేజున్నది. తెలుగున రెండును 'రాముడు వ్రాసిన ఉత్తరము'. 'ఐ డు నాట్ నో వాట్ ఐ షుడ్ డు' అనునపుడు 'వాట్' మొదలు చివరివరకు క్లాజు. 'ఐ డు నాట్ నో వాట్ టు డు' అనునపుడు ఫ్రేజు. తెలుగున రెండును 'ఏమి చేయవలెనో నాకు తెలియదు'.

ద్రావిడభాషలలో సంబంధార్థక సర్వనామమునకు బదులు ధాతుజ విశేషణము వాడబడుననియు, అది ఈ కుటుంబముయొక్క విశిష్టలక్షణములలో నొకటియనియు 1856లో కాల్డ్వెల్ తన తులనాత్మక వ్యాకరణమున గుర్తించెను. 'ఎవడు నిన్న వచ్చెనో వాడు' అని తెలుగున చెప్పవచ్చును గాని, సహజముగా ఎల్లరును చెప్పునది 'నిన్న వచ్చినవాడు' అనియే. ఆంగ్లేయుడు తన భావమునకు పలుమారులు క్లాజులను కల్పించుకొనును. తెలుగువాడు అసమాపకములను వరుసగా పేర్చి చివర ఒక్క సమాపకక్రియతో ముగించును.

ఒక ఉదాహరణము: 'వెన్ ది రెయిన్ స్టాప్డ్, ది బాయ్స్ స్టాండింగ్ అండర్ ది ట్రీ రాన్ టు ది ఫీల్డ్ విచ్ ది ఫార్మర్స్ హాడ్ ప్లౌడ్ బిఫోర్ సన్‌రైజ్.' దీనికి తెలుగు: 'వర్షము ఆగగా, చెట్టు క్రింద నిలిచియున్న బాలురు, రైతులు సూర్యోదయమునకు ముందే దున్నిన పొలమునకు పరుగెత్తిరి.' ఆంగ్లమున సమాపకక్రియలు మూడు: 'స్టాప్డ్', 'రాన్', 'హాడ్ ప్లౌడ్'. కావున క్లాజులు మూడు. తెలుగున సమాపకక్రియ 'పరుగెత్తిరి' అనునది ఒక్కటే. ఆగగా, నిలిచియున్న, దున్నిన అను మూడును అసమాపకములే. అందు మొదటిదియు మూడవదియు ఆంగ్లమున క్లాజులైనవి. నడిమిది ఫ్రేజుగనే నిలిచినది. తెలుగును మాత్రమే చూచువానికి ఈ మూడింటిలో ఏది ఏమగునో తెలియు ఉపాయమే లేదు. కావున విద్యార్థి తెలుగు వ్యాకరణమునుండి తెచ్చుకొనవలసినది సూత్రము, అనువాదము కాదు. సమాపకక్రియను వెదకు నేర్పు తెలుగున సంపాదించి, వెదకుట మాత్రము ఆంగ్లవాక్యముననే చేయవలెను.

ఒకే పేరు, రెండు వస్తువులు

ఇచ్చటనే మరియొక ప్రమాదము పొంచియున్నది. తెలుగు తరగతిలో సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యములని మూడు విధములు నేర్పుదురు. ఆంగ్ల తరగతిలో సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ అని మూడు విధములు నేర్పుదురు. మొదటివాటిని రెండవవాటికి సరిగా జతపరచి కంఠస్థము చేసిన విద్యార్థి తాను క్షేమముగా ఉన్నానని తలచును.

కాని తెలుగు సంక్లిష్టవాక్యమునకు లక్షణమేమి? ఒక సమాపకక్రియయు, ఒకటియో అంతకు మించియో అసమాపకక్రియలును ఉండుట. 'రాముడు బడికి వెళ్లి పాఠము చదివెను' అనునది సంక్లిష్టవాక్యము. దీనిని అట్లే ఆంగ్లమున 'హావింగ్ గాన్ టు స్కూల్, రామ రెడ్ ది లెసన్' అని వ్రాసినచో అది సింపుల్ సెంటెన్సు. ఏలయన ఫైనైట్ వర్బు 'రెడ్' అనునది ఒక్కటే, తక్కినది ఫ్రేజు. ఆంగ్లమున కాంప్లెక్స్ కావలెనన్న ప్రధానమైన క్లాజు కాక, దానిపై ఆధారపడిన మరియొక క్లాజు ఉండవలెను. అనగా కనీసము రెండు సమాపకక్రియలుండవలెను. పేరు ఒక్కటే యగుటచే వస్తువు ఒక్కటే యని తలచిన బాలుడు, ఒక గంటలో నేర్చినదానిని మరుగంటలో తప్పుగా అన్వయించుచున్నాడు. ఇది అతని దోషము కాదు. ఈ రెండు తరగతుల నడుమ గల వ్యత్యాసమును అతనికి చెప్పవలసినవారు చెప్పియుండలేదు.

వేరొక భేదమును కూడ ఇచ్చటనే చెప్పవలెను. తెలుగున క్రియ లేకయే వాక్యముండవచ్చును. 'అతడు వైద్యుడు' అనునది నిర్దుష్టమైన వాక్యము. ఆంగ్లమున 'హి ఎ డాక్టర్' అనరాదు, 'ఈజ్' ఉండితీరవలెను. మన బాలుడు ఈ 'ఈజ్' అను చిన్నమాటను వ్రాయుట మరచుటయే కాక, పరుల వాక్యమున ఉన్నపుడు దానిని క్రియగా లెక్కింపడు. 'ది హౌస్ దట్ ఈజ్ ఓల్డ్' అనుదానిలో క్లాజున్నదని చెప్పిన ఆశ్చర్యపడును. నడచుట, తినుట, వ్రాయుట వంటి పనిని తెలుపునదే క్రియయని అతని నమ్మకము. ఆంగ్లమున 'ఈజ్', 'ఆర్', 'వాజ్', 'హాజ్', 'కెన్', 'మస్ట్' అనునవియే పెక్కుచోట్ల సమాపకత్వమును వహించునవి.

కాలమును మార్చి చూచుట

ఆంగ్లవాక్యమున సమాపకక్రియను గుర్తించుటకు నమ్మదగిన పరీక్ష యొకటి కలదు. వాక్యముయొక్క కాలమును మార్చి చూడవలెను. 'ది మ్యాన్ స్టాండింగ్ ఎట్ ది డోర్ ఈజ్ మై టీచర్' అనుదానిని గతకాలమునకు మార్చిన 'ఈజ్' అనునది 'వాజ్' అగును, 'స్టాండింగ్' కదలదు. ఏకవచనమును బహువచనము చేసినచో 'ఈజ్' అనునది 'ఆర్' అగును. 'స్టాండింగ్' అప్పుడును కదలదు. కదలినది సమాపకము, కదలనిది అసమాపకము.

ఈ పరీక్ష మిక్కిలి ఉపకరించునది 'ఇడి' చేరిన రూపములయెడ. 'ది బాయ్స్ కాల్డ్ దేర్ ఫాదర్' అనునపుడు 'కాల్డ్' సమాపకము. 'ది బాయ్స్ కాల్డ్ బై దేర్ ఫాదర్ కేమ్ హోమ్' అనునపుడు అదియే రూపము అసమాపకము. చూచుటకు భేదము లేదు. 'ప్రతిదినము' అను అర్థము చేర్చి వర్తమానమునకు మార్చిన, మొదటిదానిలో 'కాల్డ్' అనునది 'కాల్' అగును. రెండవదానిలో 'కేమ్' అనునది 'కమ్' అగునే గాని 'కాల్డ్' మారదు.

మొదటి పదమును చూచి తీర్పు చెప్పుట కూడ ప్రమాదమే. 'ఆఫ్టర్', 'బిఫోర్', 'సిన్స్', 'అంటిల్' అను పదములు ఫ్రేజునకును ముందుండును, క్లాజునకును ముందుండును. 'అంటిల్ సన్‌సెట్' ఫ్రేజు. 'అంటిల్ ది సన్ సెట్స్' క్లాజు. 'బికాజ్ ఆఫ్ ది రెయిన్' ఫ్రేజు. 'బికాజ్ ఇట్ రెయిన్డ్' క్లాజు. అట్లే మొదట అనుసంధానపదము లేనంతమాత్రమున క్లాజు కాకపోదు. 'ఐ నో హి ఈజ్ ఆనెస్ట్' అనుదానిలో 'దట్' లోపించినది. అయినను 'హి ఈజ్ ఆనెస్ట్' క్లాజే. 'ది బుక్ ఐ బాట్' అనుదానిలోను 'ఐ బాట్' క్లాజే.

కర్త యొక్కటే చాలదు. 'ది రెయిన్ హావింగ్ స్టాప్డ్, ది బాయ్స్ రాన్ అవుట్' అను వాక్యమున 'ది రెయిన్' అను కర్త పూర్వభాగమునకు ప్రత్యేకముగా ఉన్నది. కాని 'హావింగ్ స్టాప్డ్' కాలపరీక్షకు కదలదు. కావున పాఠశాలా సంప్రదాయమున అది ఫ్రేజే.

కర్త ఒక్కడా, ఇద్దరా?

గుర్తించుట తెలిసిన పిమ్మట, తాను వ్రాయునపుడు దేనిని ఎన్నుకొనవలెననునది విద్యార్థికి మిగులు ప్రశ్న. ఇచ్చటను తెలుగు చెవి తోడ్పడును.

ముందు జరిగిన పనికిని తరువాతి పనికిని కర్త ఒక్కడే యైనపుడు క్త్వా ప్రత్యయము వచ్చునని పాణిని విధించెను. మన క్త్వార్థకమునకు ఆ పేరు వచ్చినది ఆ ప్రత్యయమునుండియే. 'రాముడు వచ్చి కూర్చుండెను' అన్నచో వచ్చినవాడును కూర్చున్నవాడును రాముడే. ఆంగ్లమున 'కమింగ్', 'హావింగ్ కమ్' అనువాటితో మొదలగు ఫ్రేజునకును ఇదియే కట్టుబాటు. దాని కర్త ప్రధానక్రియయొక్క కర్తయే కావలెను.

ఈ కట్టుబాటును మీరుటచే మన విద్యార్థి 'వాకింగ్ టు స్కూల్, ది రెయిన్ బిగాన్' అని వ్రాయును. అతడు తలచినది 'బడికి నడచుచుండగా వర్షము ఆరంభమయ్యెను' అని. తెలుగువాక్యమున దోషము లేదు. ఆంగ్లమున మాత్రము వర్షమే బడికి నడచుచున్నదని అర్థము వచ్చుచున్నది. ఇట్టిచోట 'వైల్ ఐ వాజ్ వాకింగ్ టు స్కూల్' అని కర్తను వేరుగా చెప్పి క్లాజును నిర్మింపవలెను.

తెలుగున ఏ బాలుడును 'నడచుచు వర్షము ఆరంభమయ్యెను' అనడు. కర్తలు ఇద్దరైనపుడు 'చు' అనుదానిని విడచి 'చుండగా' అనుదానిని అతని నాలుక తనంతట తానే ఎన్నుకొనును. ఆ ఎన్నికయే ఆంగ్లమున ఫ్రేజును విడచి క్లాజును చేపట్టుటకు సంకేతము. 'ఇ', 'చు' అనునవి వచ్చినచోట ఫ్రేజు తగును. 'గా' వచ్చినచోట క్లాజును ఆశ్రయించుట క్షేమము. దీనికి అపవాదములు లేకపోలేదు. 'వానలు కురిసి చెరువులు నిండినవి' అని కర్తలు వేరైనను తెలుగున కారణార్థమున క్త్వార్థకమును వాడుదురు. అట్టిచోట ఆంగ్లమున 'యాజ్ ఇట్ రెయిన్డ్' అను విధముగా క్లాజునే వ్రాయవలెను. కర్తలను లెక్కించు అలవాటున్నవాడు ఇచ్చటను మోసపోడు.

నవీనుల మతము

పై విభాగము పాఠశాలా సంప్రదాయమునకు చెందినది. పై తరగతులకు పోయిన విద్యార్థికి నవీన గ్రంథములలో వేరొక పరిభాష ఎదురగును. డేనిష్ పండితుడగు ఒట్టో జెస్పర్సన్ 1924లో ప్రకటించిన గ్రంథమున, కర్తృక్రియాసంబంధము సమాపకక్రియ లేనిచోటను ఉండవచ్చునని వివరించెను. 1985లో వెలువడిన క్వర్కు ప్రభృతుల బృహద్వ్యాకరణమున 'కమింగ్ హోమ్', 'టు సో ది సీడ్స్' వంటివి ఫ్రేజులుగా కాక, అసమాపక క్లాజులుగా పరిగణింపబడినవి. అందు ఒక్క పదము కూడ ఫ్రేజు కావచ్చును. తెలుగునను చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975), భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ గార్ల ఆధునికాంధ్ర వ్యాకరణము (1985) వాక్యనిర్మాణమును నూతనదృష్టితో పరిశీలించినవి.

దీనినిబట్టి పాఠశాలలో నేర్చినది వ్యర్థమని భావింపరాదు. నవీనులు 'కమింగ్ హోమ్' అనుదానిలో కర్త దాగియున్నదని గమనించి దానికి క్లాజు హోదా నిచ్చిరి. ఇచ్చియు, దానిని సమాపక క్లాజునుండి వేరుపరచిరి. పేరు మారినది, సరిహద్దు రేఖ ఉన్నచోటనే ఉన్నది. ఆ రేఖ సమాపకక్రియయే. ఉపాధ్యాయుడు ఈ విషయమును ఒక్క మాటలో ముందుగనే సూచించినచో, విద్యార్థి ముందుముందు గురువునో గ్రంథమునో అనుమానింపనక్కరలేదు. ఏ పరీక్షకు ఏ సంప్రదాయము అనుసరింపబడుచున్నదో ఆ పరిభాషనే వాడవలెననియు చెప్పవలెను.

తరగతిలో చేయదగినది

బోధన నిర్వచనములతో కాక పనితో ఆరంభమగుట మేలు. పాఠ్యపుస్తకమునుండియే ఒక పేరాను గైకొని, విద్యార్థులచేత ముందుగా సమాపకక్రియల క్రింద మాత్రము గీతలు గీయింపవలెను. సందేహమున్నచోట కాలమును మార్చి చూడుమనవలెను. గీతలను లెక్కించిన క్లాజుల సంఖ్య తెలియును. పిమ్మట ప్రతి గీతకును 'ఎవరు? ఏది?' అని ప్రశ్నించి కర్తను కనుగొనవలెను. ఏ క్లాజు తనంతట తాను నిలువగలదో, ఏది మరియొకదానిని ఆశ్రయించినదో తరువాత నిర్ణయింపవలెను. అనంతరము మిగిలిన పదసముదాయములే ఫ్రేజులు. అవి నామముగా పనిచేయుచున్నవా, విశేషణముగానా, క్రియావిశేషణముగానా అను విచారము చివరిది. మన తరగతులలో తరచుగా ఈ చివరి మెట్టే మొదటిదగుచున్నది. 'నౌన్ క్లాజు', 'అడ్జెక్టివ్ ఫ్రేజు' అను పేర్లు ముందు వచ్చి, వస్తువు వెనుకబడుచున్నది.

అదే పేరాను తెలుగు చేయించి, అచ్చటను సమాపకక్రియలను లెక్కింపజేసినచో మరింత ఉపకారము. ఆంగ్లమున తొమ్మిది ఉన్నచోట తెలుగున నాలుగో అయిదో ఉండుటను బాలుడు తన కన్నులతో చూచును. రెండు భాషలును ఒకే భావమును వేర్వేరు విధముల కట్టుచున్నవని అప్పుడతనికి తెలియును. ఇందులకు తెలుగు ఉపాధ్యాయుడును ఆంగ్ల ఉపాధ్యాయుడును మాసమునకు ఒక గంట కలిసి కూర్చుండుట చాలును. ఒకరు సంక్లిష్టవాక్యము బోధించు వారముననే రెండవవారు కాంప్లెక్స్ సెంటెన్సు బోధించునట్లు ఏర్పరచుకొన్నచో, రెండింటి భేదము దానంతట అదే బయటపడును.

తెలుగు మాధ్యమమున చదివిన బాలునికి ఆంగ్లము రాదనుమాట తరచుగా వినబడుచుండును. అతనికి సమాపకాసమాపకముల భేదము తెలియును. కర్త ఒక్కడైనపుడు ఏ రూపము, వేరైనపుడు ఏ రూపము వాడవలెనో అతని నాలుకకు తెలియును. ఆంగ్లవాక్యమును విడదీయుటకు కావలసిన జ్ఞానములో పెద్ద భాగము అతనియొద్దనే ఉన్నది. దానిని ఆంగ్లవాక్యమునకు ఎట్లు అన్వయించుకొనవలెనో చూపుటయే ఉపాధ్యాయునికి మిగిలిన పని.